బిడ్డ ఊపిరిని లెక్కించువారెవరు?



ఈ నెల ధ్యానమునకు ముందుగా మీరు రాజుల రెండవ గ్రంథము నాల్గవ అధ్యాయము తెరచి, ఎనిమిదవ వచనము మొదలుకొని ముప్పది యేడవ వచనము వరకు నిదానముగా చదువుకొనుడి. చదువురాని పెద్దలు ఇంటిలో బడికిపోవు పిల్లలచేత చదివించుకొని వినుడి. అది షూనేమీయురాలి కథ. కోతకాలములో పిల్లవాడు పొలములోనున్న తండ్రియొద్దకు పోయి తలనొప్పియని మొరపెట్టెను. తండ్రి పనివానిని పిలిచి, వీనిని తల్లికి అప్పగించి రమ్మని పంపి, తన కోతపనిలో తానుండెను. మధ్యాహ్నమువరకు బిడ్డ తల్లి ఒడిలోనుండి ప్రాణము విడిచెను.

అప్పుడా తల్లి చేసిన పని చూడుడి. బిడ్డను ప్రవక్త మంచముమీద పరుండబెట్టి తలుపు మూసెను. ఒక గాడిదను, ఒక మనుష్యుని పంపుమని పెనిమిటికి కబురు చేసెను. అతడు ఏమని బదులు చెప్పెను? పండుగ దినము కాదు గదా, ఈ పూట ప్రయాణమెందుకు అను అర్థముతో అడిగెను. ఆమె అతనితో వాదింపలేదు, అతని సెలవుకొరకు నిలువలేదు. దారిలో గాడిదను మెల్లగా నడుపవద్దని తోలువానికి గట్టిగా చెప్పి సాగిపోయెను.

నా పదునెనిమిదేండ్ల సేవలో ఈ అధ్యాయముమీద పదిమారులైన ప్రసంగించియుందును. ఎప్పుడును చనిపోయిన బిడ్డ తుమ్ములు తుమ్మి కన్నులు తెరచిన భాగము దగ్గరకే పరుగెత్తితిని. ఆ పెనిమిటి ప్రశ్న దగ్గర ఒక్కమారును ఆగలేదు. ఇప్పుడు ఆగుచున్నాను. ఏలయనగా ఆ ప్రశ్న అడిగినవాడను నేనే.

నాలుగేండ్ల క్రిందట నవంబరు వానలలో, పులికాటు సరస్సు ఒడ్డున నాకు అప్పగింపబడిన పల్లెలలో ఒకదానినుండి రాత్రి తొమ్మిది గంటలకు కబురు వచ్చెను. ఏడు నెలల ఆడబిడ్డకు మూడు దినములనుండి దగ్గు, జ్వరము. నేను మోటారు సైకిలుమీద పోయి చూచితిని. చిన్న పాక. ఒక మూల తడికట్టెలు రగులుచుండగా ఇల్లంతయు పొగ కమ్మియుండెను. నాయనమ్మ బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. “డొక్కలెగరేస్తా ఉండాది అయ్యగారూ, పాలు గూడా పట్టటంలేదు” అని తల్లి చెప్పెను. ఆ మాట నా చెవిని పడెను గాని నా మనస్సున పడలేదు. బిడ్డ తండ్రి ఆటోను పిలుతునా అని రెండుమారులు అడిగెను. వాన కురియుచున్నదని, రాత్రివేళయని నేనే వలదంటిని. బిడ్డ నుదుటిమీద చెయ్యివేసి అరగంట ప్రార్థన చేసి, దేవుడున్నాడు, రేపు ప్రొద్దున చూతమని చెప్పి వచ్చితిని.

తెల్లవారగానే వారు ఫోను చేసిరి. “ఎగశ్వాస తగ్గింది అయ్యగారూ, బిడ్డ నెమ్మదిగా నిద్రపోతా ఉండాది” అనిరి. నేను నా భార్యను పిలిచితిని. ఇద్దరము మోకరించి దేవునికి స్తోత్రము చెల్లించితిమి. ఆ దినము పదకొండు గంటలకు బిడ్డ పోయెను.

సమాధుల తోటలో నేను యోబు గ్రంథములోనుండి చదివి, ఇచ్చినవాడే తీసికొనెనని ఓదార్చితిని. తల్లి నా మొగము చూడలేదు. దుఃఖముచేత చూడలేదని నేననుకొంటిని.

కొన్ని నెలల తరువాత వేరొక పనిమీద ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయితిని. అక్కడ వరండాలో ఒక నర్సమ్మ ఆశా కార్యకర్తలకు పిల్లల దగ్గు, ఆయాసములను గూర్చి నేర్పుచుండెను. నేను గోడకానుకొని ఊరక వినుచుంటిని. వేగముగా ఊపిరి తీసి తీసి అలసిపోయిన బిడ్డకు ఊపిరి తగ్గిపోయి మత్తుగా పడియుండవచ్చును, దానిని చూచి బిడ్డ నెమ్మదించినదని మోసపోవద్దు, అది కడపటి గుర్తు కావచ్చునని ఆమె చెప్పినప్పుడు నా కాళ్లలో సత్తువ పోయెను. ఆ ప్రొద్దున నేనును నా భార్యయు మోకరించి స్తోత్రము చెల్లించినది దేనికొరకు?

ఇక్కడ నా ప్రశ్న. తెలియక చేసినది పాపమా?

లేవీయకాండము నాల్గవ అధ్యాయము తెలియక చేసిన తప్పునకు కూడ బలిని నియమించినది. ఆ తప్పు తనకు తెలియవచ్చినప్పుడు మనుష్యుడు అర్పణము తేవలెను. అనగా తెలియక చేసినది తప్పే కాదని ధర్మశాస్త్రము విడిచిపెట్టలేదు. తెలిసి తెగించి చేసినదానితో సమానమనియు చెప్పలేదు. లూకా సువార్త పండ్రెండవ అధ్యాయములో మన ప్రభువు ఇద్దరు దాసులను గూర్చి చెప్పెను. యజమానుని చిత్తమెరిగినవానికి దెబ్బలు మెండు, ఎరుగనివానికి కొద్ది. కొద్దియేగాని బొత్తిగా లేకపోలేదు. ఈ మాట నాకు చాలకాలము కఠినముగా తోచెను. ఎరుగనివానిని కొట్టుట ఏమి న్యాయమని సెమినరీలోనున్నప్పుడు గురువుగారితో వాదించితిని కూడ.

ఇప్పుడు నాకు తోచునదేమనగా, ఎరుగకపోవుటలో రెండు విధములున్నవి. తెలిసికొను త్రోవయే లేక ఎరుగకపోవుట యొకటి. త్రోవ వాకిటి ముందరనున్నను కన్నెత్తి చూడక ఎరుగకపోవుట మరియొకటి. ఆ తల్లికి బిడ్డ డొక్కలెగరవేయుట కనబడెను, నోరు తెరచి చెప్పెను. దాని అర్థమేమో ఆమెకు ఎవరును నేర్పలేదు. నేనైతే గ్రీకు అక్షరములు నేర్చినవాడను. నెలనెల ఆశా కార్యకర్త మా గుడి అరుగుమీదనే బిడ్డలను తూచుచుండగా, ప్రక్కగదిలో కూర్చుండి ప్రసంగములు వ్రాసికొనినవాడను. ఏమమ్మా, నీవు తల్లులకు చెప్పుచున్నదేమి అని ఒక్కదినమైన అడుగలేదు. ఆమె ఎరుగకపోవుట, నేను ఎరుగకపోవుట ఒకటి గావు. ఎవరి కెన్ని దెబ్బలో ప్రభువునకే తెలియును గాని, ఏది ఎక్కువయో నాకు తెలియును.

ఆదికాండము ఇరువదియొకటవ అధ్యాయములో హాగరును తలంచుకొనుడి. తిత్తిలో నీళ్లు అయిపోగా బిడ్డను పొదక్రింద విడిచి, వాని చావు చూడలేక దూరముగా పోయి ఏడ్చుచు కూర్చుండెను. దేవుడు అప్పటికప్పుడు ఆమెకొరకు బావి త్రవ్వెనని అక్కడ వ్రాయబడలేదు. ఆయన ఆమె కన్నులు తెరచెను, ఆమెకు బావి కనబడెను. ఆమె కూర్చుండి ఏడ్చుచున్నంత సేపును ఆ బావి అక్కడనే యుండెనని నేను నమ్ముచున్నాను. మన బావి మిక్కిలి చిన్నది. బిడ్డ చొక్కా పైకెత్తుట, ఒక నిమిషము చూచుట.

ఏమి చూడవలెనో వివరముగా చెప్పెదను, ఓర్చుకొని చదువుడి. వైద్యులు నిమోనియా అనియు మనవారు నిమ్ము అనియు పిలుచు ఈ జబ్బు ఊపిరితిత్తులలోనిది. ఊపిరితిత్తులలో ద్రాక్షగుత్తులవంటి సన్నని గాలితిత్తులున్నవి. క్రిములు చేరి అవి చీముతోను నీటితోను నిండినప్పుడు, లోనికి పోయిన గాలి రక్తములోనికి చాలినంత చేరదు. చాలనిదానిని పూరించుకొనుటకు బిడ్డ త్వరత్వరగా ఊపిరి తీయును. ఊపిరితిత్తులు బిరుసెక్కినకొలది గాలి లాగుట కష్టమై, లోనికి తీసినప్పుడెల్ల రొమ్ము క్రిందిభాగము గుంటపడును. ఆరోగ్యముగల బిడ్డ ఊపిరి తీసినప్పుడు రొమ్మును పొట్టయు పైకి లేచును, ఈ బిడ్డకు డొక్క లోనికి పోవును. మన పెద్దలు డొక్కలెగరవేయుట అని పేరు పెట్టినది దీనికే. ఎంత విచారకరము! రోగపు గుర్తుకు మన పల్లెభాషలో పేరున్నది, పోవలసిన చోటు మాత్రమే మనకు తోచలేదు.

లెక్క యిట్లు. బిడ్డ ఏడ్చుచున్నప్పుడు గాని పాలు త్రాగుచున్నప్పుడు గాని చూడరాదు. ఊరకున్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట ఒకమారు లేచి దిగుట ఒకటిగా, గడియారము చూచి నిండు నిమిషము లెక్కింపవలెను. చిన్న బిడ్డల ఊపిరి ఒకే తీరున నడువదు గనుక అర నిమిషము లెక్కించి రెండింతలు చేయవద్దు. రెండు నెలలు నిండని బిడ్డకు నిమిషమునకు 60, రెండు నెలలు మొదలుకొని ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది మొదలుకొని ఐదేండ్లలోపు బిడ్డకు 40. ఈ లెక్కను ముట్టినను మించినను అది వేగము. దగ్గుతోగూడ ఈ వేగమున్న బిడ్డను ఆ దినమే వైద్యునికి చూపవలెను. రొమ్ము క్రింద గుంటపడుచున్నయెడల, పాలు నీళ్లు పట్టనియెడల, త్రాగినదంతయు కక్కుచున్నయెడల, మూర్ఛ వచ్చినయెడల, లేపినను లేవక మత్తుగా పడియున్నయెడల, పెదవులు నాలుక నీలము తిరిగినయెడల, ఊరకున్నప్పుడుకూడ ఊపిరి లోనికి తీయగానే గొంతులో కీచుమని పలికినయెడల, ఆ దినము అని కూడ అనను, ఆ గడియలోనే బయలుదేరుడి. రెండు నెలలలోపు పసివారి విషయములో జ్వరము వచ్చువరకు కనిపెట్టవద్దు. వారికి ఒళ్లు చల్లబడుటయు అపాయమే.

ప్రతి దగ్గును నిమ్ము కాదు. ముక్కు కారుచు, ఆడుకొనుచు, పాలు త్రాగుచునున్న బిడ్డకు అధికభాగము అది వట్టి పడిశమే. దానికి ఘాటైన మందులక్కరలేదు. క్రిందటి సంవత్సరము పెద్దపిల్లవానికి మిగిలిన సీసాలోని మందు ఈ బిడ్డకు పోయవద్దు. వైద్యుడిచ్చినదానిని, బిడ్డ తేరుకొన్నను, ఆయన చెప్పినన్ని దినములు పూర్తిగా పట్టుడి.

లెక్కించుటను గూర్చి మన ప్రాంతమువారికి ఒకరు చెప్పవలెనా? మనము 2022 ఏప్రిలువరకు నెల్లూరు జిల్లావారము, ఇప్పుడు తిరుపతి జిల్లావారము, ఎక్కడనున్నను శ్రీహరికోట ప్రక్కవారము. 1969లో ఆ దీవి రాకెట్టు కేంద్రమునకు ఎన్నుకొనబడెను, 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు అక్కడనుండి ఎగసెను. మా సంఘములో ఒక అవ్వ కలదు. ఆ దీవిలో పుట్టి, ఊరు విడువవలసివచ్చినప్పుడు తట్టబుట్టలతో ఈ గట్టుకు వచ్చినది. ఆమె చిన్ననాట దీవిలో బిడ్డకు ఆయాసము వచ్చినయెడల పడవ దొరకవలెను, గాలి అనుకూలింపవలెను, సూళ్లూరుపేట చేరవలెను. తన తోడబుట్టినవారిలో ఇద్దరు అట్లే పోయిరని ఆమె చెప్పును. ఆమె తల్లికి బావి నిజముగా దూరమున నుండెను. ఇప్పుడు సరస్సు నడుమనే తారు రోడ్డున్నది.

2019 జూలై 15న చంద్రయానము-2 పోవలసిన రాత్రి మీకు జ్ఞాపకముండును. అంతయు సిద్ధమై, లెక్క ఇంక 56 నిమిషములుండగా యంత్రములో ఏదో ఒక గుర్తు సరిగా లేదని ఆపివేసిరి. దేశమంతయు చూచుచుండెను, ఐనను ఆపివేసిరి. సరిచేసి 22వ తేదిన పంపిరి. ఒక్క కొలత తేడాగా కనబడినందుకు అంత పని నిలిపినవారిని ఎవరును పిరికివారనలేదు. అటువంటి స్థలమునకు కూతవేటు దూరములో, గోడకు గడియారము తగిలించియున్న ఇంటిలో, ఒక బిడ్డ ఊపిరి లెక్కించువారు లేకపోయిరి. గడియారము చూచుకొనినది నేనొక్కడనే, అదియు ఇంటికి పోవుటకు ఆలస్యమగుచున్నదని.

ఇది చదువుకొన్నవారి పనియని మీలో కొందరు తలంచుదురేమో. మహారాష్ట్రములో గడ్చిరోలి జిల్లా కలదు, మన తెలంగాణమునకు ఆనుకొనియున్నది, దాని దక్షిణ కొననున్న సిరోంచ ప్రాంతములో తెలుగు మాటలాడువారు మెండు. అక్కడ డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ అను దంపతులు పల్లె మనుష్యులకే ఈ లెక్క నేర్పిరి. అంకెలు బాగుగా రానివారికొరకు పూసలుగల చిన్న పనిముట్టు చేయించిరి. పది ఊపిరులకు ఒక పూస జరుపవలెను. లెక్క హద్దు మించినయెడల మందు మొదలుపెట్టవలెను. ఆ పల్లెలలో నిమోనియాచేత పోవు బిడ్డల సంఖ్య, అట్టి ఏర్పాటు లేని ప్రక్క పల్లెలతో పోల్చగా, దాదాపు సగమైనట్లు 1990లో లాన్సెట్ అను వైద్య పత్రికలో ప్రకటించిరి. పూస జరిపిన చేతులు పెద్ద పట్టములు పొందిన చేతులు గావు. వారు చూడవలెనని నిర్ణయించుకొని చూచిరి, అంతే.

ఐనను ఈ జబ్బు ఇంకను మన మధ్య నున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కప్రకారము 2019లో ఐదేండ్లలోపు బిడ్డలు 7 లక్షల 40 వేలమంది దీనివలన పోయిరి. మన దేశములో దీనిని కొంతవరకు అడ్డగించు న్యుమోకోకల్ టీకాను ప్రభుత్వము 2017లో కొన్ని రాష్ట్రములలో మొదలుపెట్టి 2021లో దేశమంతటికి విస్తరింపజేసెను. ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిదవ నెలలో వేయుదురు, ఉచితము. తూనిక దినమున కార్డు తీసికొనిపోవుడి. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చుటయు, బిడ్డనుండి పొయ్యిపొగను దూరముంచుటయు కాపుదలలే. ఒకప్పుడు శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హాము కాలువగుండ చెన్నపట్టణము పొయ్యిలకు పోయెడివి. కట్టెపొయ్యి మనకు పాత చుట్టము, తటాలున విడువలేము. కాని వండునంత సేపు బిడ్డను వీపున కట్టుకొనక, బయట గాలిలో ఎవరికైన అప్పగింపవచ్చును.

వాతలు పెట్టుటను గూర్చి ఒక్కమాట. డొక్కలెగరవేయు బిడ్డ పొట్టమీద కాల్చిన ఇనుపచువ్వతో చురకలు పెట్టించుట క్రైస్తవ కుటుంబములలో కూడ జరుగుచున్నదని నాకు తెలియును. ఊపిరియాడని బిడ్డకు కాలిన పుండును చేర్చి పెట్టుట. ఇక దీనిమీద ప్రసంగము చేయను, మానుడి.

మందునకు పోవుట అవిశ్వాసమా అను ప్రశ్న మన పల్లెలలో తిరుగుచున్నది. కొందరు బోధకులు ఔనని కూడ చెప్పుచున్నారు. హిజ్కియా గోడతట్టు తిరిగి ఏడ్చి ప్రార్థించెను, దేవుడు వినెను. విన్న తరువాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్లతో కట్టు వేయుమనెను. విన్న ప్రార్థనకు మందు ఎందుకని హిజ్కియా అడుగలేదు. మూడవ సువార్త వ్రాసిన లూకాను పౌలు వైద్యుడని ప్రేమతో పేర్కొనెను, ఆ వృత్తిని విడువుమని చెప్పినట్లు ఎక్కడను లేదు. నేను ఆ రాత్రి చేసిన ప్రార్థన తప్పని నేననను. దాని చోటు తప్పెను. ఆ అరగంట ప్రార్థన ఆటోలో కూర్చుండి చేసియుండవచ్చును. దేవుడు ఆటోలోనుండికూడ వినును, చప్పుడెక్కువయైనను.

ఇంతకంటె లోతైన సంగతి యొకటి కలదు. గుర్తు చూచువారొకరు, బయలుదేరుమని చెప్పు అధికారము గలవారు మరియొకరు. మన యిండ్లలో బిడ్డ డొక్కను చూచునది తల్లి. పోవలెనా వద్దా అని చెప్పునది అత్త, పెనిమిటి, మామ, కొన్నిచోట్ల మావంటి అయ్యగారు. వెనుకటి కాలములో తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, కాన్పు కష్టమైన తమ భార్యలకొరకు ఐడా స్కడ్డరు అను యౌవనస్థురాలి యొద్దకు వచ్చిరి. తాను వైద్యురాలిని గానని, తన తండ్రి వైద్యుడని ఆమె చెప్పెను. పరపురుషుని రానియ్యమని ముగ్గురును వెళ్లిపోయిరి. తెల్లవారువరకు ఆ ముగ్గురు స్త్రీలును పోయిరి. ఆమె అమెరికాకు పోయి వైద్యము చదివి వచ్చి 1900లో వేలూరులో పని మొదలుపెట్టిన కారణమిదే, మనవారు నేడును సూళ్లూరుపేటనుండి అక్కడికి పోవుచున్నారు. ఆ ముగ్గురు పురుషులు తమ భార్యలను ప్రేమింపనివారని నేననుకొనను. రాత్రివేళ పరుగెత్తి వచ్చినవారే. ప్రేమయుండియు, ఒక కట్టుబాటును దాటలేకపోయిరి.

మన కట్టుబాట్లేవి? రాత్రి ప్రయాణము మంచిది కాదు. రేపు కూలి పోవును. అమ్మాయే గదా, రెండు దినములు చూతము. ఈ కడపటిది ఎవరును నోటితో అనరు. కాని మగబిడ్డకు ఆయాసము వచ్చిన నెల్లూరుదాక అప్పుచేసి పోయినవారు, ఆడబిడ్డకు పసరువైద్యముతో సరిపెట్టుటను నేను చూచితిని. యాయీరు సమాజమందిరపు అధికారి. జనులందరి ముందర ప్రభువు పాదములమీద పడెను. అంత పెద్దమనిషి పడినది పండ్రెండేండ్ల ఆడపిల్లకొరకు.

ఇప్పుడు, బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులారా, ఈ పత్రికను మీ గుండెలమీద రాయిగా పెట్టుకొనవద్దని బతిమాలుకొనుచున్నాను. ఈ మాటలు వ్రాయుటకు నేను ఇన్నాళ్లు వెనుదీసినది అందుకే. గుర్తులు నేర్పుట అనగా, ఆ గుర్తులు చూచియుండిన నా బిడ్డ బ్రతికియుండునా అని మిమ్మును అడుగుకొనునట్లు చేయుటయే గదా. పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము వీనిదా కన్నవారిదా అని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ లెక్కకే ఒప్పుకొనలేదు, యోహాను తొమ్మిదవ అధ్యాయము చూడుడి. మిమ్మును చూచి అట్లు అడుగువారు మన సంఘములో ఉన్నయెడల వారిని నాయొద్దకు పంపుడి. మీకు ఎవరును చెప్పలేదు. చెప్పవలసిన కావలివారము మేము బాకా ఊదలేదు. యెహెజ్కేలు ముప్పది మూడవ అధ్యాయములో లెక్క అడుగబడినది ఊదని కావలివానినే గాని నిద్రించుచున్న ఊరివారిని కాదు. కాని ఈ ఓదార్పును పట్టుకొని, జరిగినదంతయు దేవుని చిత్తమని నేను మరల చెప్పజాలను. దేవుని చిత్తమని చెప్పుటకు నాకు తెలిసినది కొంచెము. నా ఆలస్యమును ఆయనమీద మోపితినని మాత్రము బాగుగా తెలియును.

నేను ఆ తల్లియొద్దకు పోయితిని. పోవుటకు నాకు ఎనిమిది నెలలు పట్టెను. ఆమె ఉప్పుచేపలు ఎండబెట్టుచుండెను. నర్సమ్మయొద్ద నేను వినినదంతయు చెప్పి, తప్పు నాదేనంటిని. ఆమె చాలసేపు చేపలు తిరగవేయుచుండెను. తరువాత, “నేను ఆ రాత్రే చెప్తిని గదా అయ్యగారూ” అనెను. అంతే. క్షమించినదో లేదో నేనడుగలేదు, అడుగుటకు నాకేమి హక్కు? ఆమె ఆదివారము ఆరాధనకు వచ్చుచున్నది. వెనుక వరుసలో కూర్చుండును. నేను షూనేమీయురాలిమీద ఇప్పుడు ప్రసంగింపవలెనన్న ఆమె అక్కడ ఉన్నదని తెలిసి ప్రసంగింపవలెను, అది నాకు మంచిదే.

ఇక జరుగవలసిన పని. మన స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మగా వచ్చిన సొమ్ములో సగమును, బిడ్డలను రాత్రివేళ ఆసుపత్రికి చేర్చు ఖర్చునకు విడిగా ఉంచుటకు ఒప్పుకొనిరి. ఆ డబ్బా సంఘపు పెద్దమ్మగారి యింటనుండును. తీసికొనువారు పద్దు వ్రాయనక్కరలేదు, తిరిగి కట్టనక్కరలేదు, ఏ సంఘమువారైనను ఏ కులమువారైనను అడుగవచ్చును. ఆటో తోలు సహోదరుని నంబరు గుడి తలుపుమీద అంటించియున్నాము. అతడు దొరకనియెడల 108కి ఫోను చేయుడి.

మూడవ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఐదేండ్లలోపు బిడ్డలుగల తల్లులు, వారితోకూడ తప్పక అత్తలు, తండ్రులు, గుడి అరుగుమీద కూర్చుండవలెను. ఆశా కార్యకర్త వచ్చుటకు ఒప్పుకొన్నది. ఆరోగ్యముగానున్న బిడ్డల ఊపిరినే మొదట లెక్కించుట నేర్చుకొందము. బాగున్న ఊపిరి ఎట్లుండునో ఎరుగనివారికి చెడిన ఊపిరి తెలియదని ఆమె చెప్పుచున్నది. గడియారము నేను తెచ్చెదను. తండ్రులు మంచినీళ్ల వంక పెట్టుకొని మధ్యలో లేచిపోకుందురుగాక.

రాత్రి యే గంటకైనను నా తలుపు తట్టవచ్చును. ఈమారు నేను ముందుగా బిడ్డ చొక్కా పైకెత్తి చూచెదను, ప్రార్థన దారిలో చేసికొందము.